రెండో ఏడాది రాజనీతి మాడ్యూళ్లు: మార్కుల లెక్క ఒకటి, దాని వెనకున్న లెక్క మరొకటి

బ్రిటన్ విశ్వవిద్యాలయాల్లో రాజనీతి శాస్త్రం చదివే విద్యార్థికి మొదటి ఏడాది వసంతంలో, ఇంకా ఆ ఏటి పరీక్షలు పూర్తికాకముందే, రెండో ఏడాది మాడ్యూళ్లు, అంటే మనం పేపర్లని పిలుచుకునేవి, ఎంచుకోవలసిన గడువు వచ్చిపడుతుంది. విభాగం పంపే జాబితాలో పదిహేను, ఇరవై పేర్లుంటాయి: భద్రతా అధ్యయనాలు, రాజకీయ చింతన చరిత్ర, తులనాత్మక రాజకీయాలు, పార్టీలు–ఎన్నికలు, అంతర్జాతీయ రాజకీయ ఆర్థికశాస్త్రం, మధ్యప్రాచ్య రాజకీయాలు, ప్రజా విధానం, పరిశోధనా పద్ధతులు. ఒక్కో పేరు కింద నాలుగైదు వాక్యాల పరిచయం ఉంటుంది కానీ, ఆ వాక్యాలన్నీ ఇంచుమించు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ప్రతి మాడ్యూలూ విమర్శనాత్మక దృష్టిని పెంచుతుందని, ప్రతి మాడ్యూలూ సమకాలీన ప్రపంచాన్ని అర్థం చేసుకోవడానికి తోడ్పడుతుందని చెబుతుంది. ఆ పరిచయాలను బట్టి మాడ్యూల్‌ను అంచనా వేయడం పెళ్లి సంబంధాల ప్రకటన చదివి మనిషిని అంచనా వేయడం లాంటిదే.

అందుకే చాలామంది పేరు ఆకర్షణీయంగా ఉన్నదాన్నో, మార్కులు ధారాళంగా వేస్తారని పై ఏడాదివారు చెప్పినదాన్నో ఎంచుకుంటారు. ఈ రెండు పద్ధతుల్లోనూ రెండో ఏడాది మాడ్యూల్ దానికదే ఒక గమ్యమన్న నమ్మకం దాగి ఉంది. ఆ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో తేలాలంటే ముందు క్రెడిట్ల లెక్కను విప్పి చూడాలి.

ఇంగ్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో మామూలు ఆనర్స్ డిగ్రీకి 360 క్రెడిట్లు కావాలి. మూడేళ్ల చదువులో ఏడాదికి 120 చొప్పున వస్తాయి. ఒక మాడ్యూల్‌కు చాలాచోట్ల 20 క్రెడిట్లు, కొన్నిచోట్ల 15 లేదా 30 ఉంటాయి. ఒక క్రెడిట్ అంటే నామమాత్రంగా 10 గంటల శ్రమ కాబట్టి, 20 క్రెడిట్ల మాడ్యూల్ విద్యార్థి నుంచి 200 గంటలు ఆశిస్తుందన్నమాట. ఇందులో తరగతి గదిలో గడిచేది ఎంత? వారానికి ఒక లెక్చర్, చిన్న బృందంగా చర్చించే ఒక సెమినార్ చొప్పున 11 వారాలు జరిగితే 22 గంటలు. మిగిలిన 178 గంటలూ చదవడానికి, రాయడానికి. అందుచేత ఒక మాడ్యూల్ ఎలా ఉంటుందన్న ప్రశ్నకు ఉపన్యాసకుడు ఎంత బాగా మాట్లాడతాడన్నది చిన్న జవాబు, ఏం చదవమంటాడు, ఏం రాయమంటాడు అన్నది పెద్ద జవాబు. మంచి వక్త చెప్పే మాడ్యూల్‌లో చేరి, చదవవలసిన వ్యాసాలు కొరుకుడుపడక నీరసపడినవారు ప్రతి విభాగంలోనూ కనబడతారు.

జాబితాలో ఇరవై పేర్లున్నా, నిజంగా చేతికందే ఎంపిక అంతకంటే చాలా తక్కువ. రాజనీతి ఒక్కటే చదివేవారికి ఏడాదిలోని ఆరు మాడ్యూళ్లలో రెండో మూడో తప్పనిసరి అవుతాయి. వాటిలో పరిశోధనా పద్ధతులు దాదాపు అన్నిచోట్లా ఉంటుంది, రాజకీయ సిద్ధాంతం చాలాచోట్ల ఉంటుంది. డిగ్రీ పేరులో ‘అంతర్జాతీయ సంబంధాలు’ అని ఉంటే ఆ రంగపు సిద్ధాంతాల మాడ్యూల్ కూడా సాధారణంగా తప్పదు. చరిత్రతోనో, ఆర్థికశాస్త్రంతోనో కలిపి ఉమ్మడి డిగ్రీ చదివేవారికి ఒక్కో విభాగంలో 60 క్రెడిట్లే దక్కుతాయి కనుక, తప్పనిసరివి పోగా మిగిలేది ఒకటో రెండో. వీరి విషయంలో ఎంపిక చిన్నదేగాని, దాని బరువు ఎక్కువ. ఆక్స్‌ఫర్డ్‌లో 1920లో మొదలైన తత్వశాస్త్రం–రాజనీతి–ఆర్థికశాస్త్రం డిగ్రీది మరో దారి. అక్కడ మొదటి ఏడాది మూడు విషయాలూ చదివిన తర్వాత విద్యార్థి కావాలనుకుంటే ఒకదాన్ని పూర్తిగా వదులుకోవచ్చు. అంటే రెండో ఏడాది మొదటి నిర్ణయం ఏది తీసుకోవాలన్నది కాదు, ఏది వదలాలన్నది.

స్కాట్లండ్ సంగతి విడిగా చెప్పుకోవాలి, లేకపోతే ఇంగ్లండ్ గురించి చదివినది అక్కడికి అన్వయించుకుని పొరపాటు పడే ప్రమాదం ఉంది. స్కాట్లండ్‌లో ఆనర్స్ డిగ్రీ సాధారణంగా నాలుగేళ్లు. అసలు ఆనర్స్ దశ మూడో ఏట మొదలవుతుంది. అక్కడ రెండో ఏడాది మార్కులు తుది శ్రేణిలో చేరకపోవడం మామూలు. అయితే ఆనర్స్‌లో చేరడానికి కావలసిన అర్హతను రెండో ఏడాదే నిర్ణయిస్తుంది, వేరే విభాగపు విషయాలు రుచి చూసే వీలు కూడా అప్పటికింకా ఉంటుంది. ఎడిన్‌బరాలోనో గ్లాస్గోలోనో చదివే విద్యార్థి ఈ వ్యాసంలోని మార్కుల లెక్కను ఒక ఏడాది ముందుకు జరిపి చూసుకోవాలి.

ఇక ఆ మార్కుల లెక్కే చూద్దాం, ఎందుకంటే భయమంతా అక్కడే ఉంది. మొదటి ఏడాదిలో 40 మార్కులతో గట్టెక్కితే చాలు, అవి డిగ్రీ శ్రేణిలో సాధారణంగా కలవవు. రెండో ఏడాది నుంచి కలుస్తాయి. రెండో, మూడో ఏడాదుల వాటా విశ్వవిద్యాలయానికొక తీరుగా ఉంటుంది. తరచుగా కనిపించే ఒక పద్ధతి రెండో ఏడాదికి 40 శాతం, మూడో ఏడాదికి 60 శాతం. సగటు 70 దాటితే ఫస్ట్ క్లాస్, 60 దాటితే అప్పర్ సెకండ్, అంటే అందరూ ‘టూ వన్’ అని పిలిచేది. ఆరు మాడ్యూళ్లలో ఒకటి అంటే 40 శాతంలో ఆరో వంతు, అంటే మొత్తం డిగ్రీలో 6.67 శాతం. కష్టమని పేరుపడ్డ ఒక మాడ్యూల్ తీసుకున్న విద్యార్థికి, తేలికైన దానిలో రావలసిన 66కు బదులు 58 వచ్చిందనుకుందాం. ఎనిమిది మార్కుల నష్టం. దాన్ని 6.67 శాతంతో హెచ్చిస్తే తుది సగటులో తగ్గేది 0.53. అర మార్కు.

ఇప్పుడు మూడో ఏడాదికి వెళ్దాం. చాలా రాజనీతి డిగ్రీల్లో అక్కడ డిసర్టేషన్ ఉంటుంది: విద్యార్థి తానే ప్రశ్న ఎంచుకుని, ఒక పర్యవేక్షకుడి సాయంతో దాదాపు పదివేల మాటల్లో రాసే స్వతంత్ర పరిశోధన. దానికి 40 క్రెడిట్లు ఉన్నచోట, 60 శాతంలో మూడో వంతు, అంటే మొత్తం డిగ్రీలో 20 శాతం ఆ ఒక్క రచన మీదే నిలుస్తుంది. అదే ఎనిమిది మార్కుల తేడా ఇక్కడ వస్తే తుది సగటు 1.6 కదులుతుంది. రెండో ఏడాది మాడ్యూల్‌కన్నా డిసర్టేషన్ బరువు సరిగ్గా మూడింతలు. ఆ రచన ఎక్కడి నుంచి వస్తుంది? మూడో ఏడాది మొదట్లో ఒకరోజు హఠాత్తుగా తోచిన ఆలోచన నుంచి కాదు. చాలా విభాగాల్లో డిసర్టేషన్ అంశాన్ని రెండో ఏడాది చివర్లోనే ప్రతిపాదించాలి; అప్పటికి విద్యార్థికి తెలిసిన చర్చలు, చేతనైన పద్ధతులు, పరిచయమైన అధ్యాపకులు అన్నీ రెండో ఏడాది మాడ్యూళ్లు ఇచ్చినవే. కాబట్టి మార్కుల దృష్టితోనే చూసినా, రెండో ఏడాది మాడ్యూల్ విలువ అది ఇచ్చే మార్కుల్లో కొంతే ఉంది. మిగతాది అది మూడో ఏడాదిలో ఏ తలుపు తెరిచిపెడుతుందన్నదానిలో ఉంది. తేలిక మాడ్యూళ్లు ఏరుకున్న విద్యార్థి అర మార్కు ఆదా చేసుకుని, అంతకు మూడింతల బరువున్న పనికి చేతిలో పనిముట్టు లేకుండా వెళతాడు.

అయితే ఏ మాడ్యూల్ ఏ పనిముట్టు ఇస్తుంది? రాజనీతి శాస్త్రంలోని ఉపరంగాలను అందరూ విషయాలుగా వర్ణిస్తారు: బ్రిటిష్ రాజకీయాలంటే వెస్ట్‌మినిస్టర్‌లోని పార్లమెంటు, తులనాత్మకమంటే ఇతర దేశాలు, సిద్ధాంతమంటే పాత తత్వవేత్తలు. నా ఉద్దేశంలో ఈ వర్ణన సగమే నిజం. ఉపరంగాల మధ్య అసలు తేడా అవి వేసే ప్రశ్నలో, సాక్ష్యంగా అంగీకరించే దానిలో ఉంటుంది. ఒకే సంఘటనను తీసుకుని ఒక్కో మాడ్యూల్ గదిలోకి వెళ్లి చూస్తే ఇది స్పష్టమవుతుంది.

2024 జూలై 4న జరిగిన బ్రిటన్ సార్వత్రిక ఎన్నికను తీసుకుందాం. లేబర్ పార్టీకి 33.7 శాతం ఓట్లు వచ్చాయి, 650 స్థానాల్లో 411 దక్కాయి. రిఫార్మ్ పార్టీకి 14.3 శాతం ఓట్లు, 5 స్థానాలు. లిబరల్ డెమొక్రాట్లకు అంతకంటే తక్కువగా 12.2 శాతం ఓట్లు వచ్చినా, స్థానాలు 72. కన్సర్వేటివ్‌లు 121 స్థానాలకు పడిపోయారు. 2017లో ఇదే లేబర్ పార్టీ 40 శాతం ఓట్లు తెచ్చుకుని, 262 స్థానాలతో ప్రతిపక్షంలోనే మిగిలిపోయింది.

బ్రిటిష్ రాజకీయాల మాడ్యూల్‌లో ఈ అంకెలు ఒక కథకు ముడిసరుకు. తక్కువ ఓట్లతో ఎక్కువ స్థానాలు రావడానికి ఆ ఓట్లు నియోజకవర్గాల మీద ఎలా పరుచుకున్నాయి, కన్సర్వేటివ్ ఓటు ఎటు చీలింది, స్కాట్లండ్‌లో స్కాటిష్ నేషనల్ పార్టీ 9 స్థానాలకు కుదించుకుపోవడం లేబర్‌కు ఎంత కలిసొచ్చింది అన్నవి అక్కడి ప్రశ్నలు. సాక్ష్యం అంటే సందర్భం: పార్టీల చరిత్ర, నాయకత్వాల మార్పు, ఒక దేశపు సంస్థలు పనిచేసే తీరు. ఈ మాడ్యూల్ నుంచి వచ్చే విద్యార్థికి ఒక దేశాన్ని లోతుగా చదవడం అలవడుతుంది. వార్తలు రోజూ చూసేవారికి మొదట్లో సులభంగా అనిపిస్తుందిగాని, వ్యాఖ్యాతలా రాస్తే ఇక్కడ మార్కులు రావు.

తులనాత్మక రాజకీయాల గదిలో బ్రిటన్ అనేక ఉదాహరణల్లో ఒకటిగా మాత్రమే కూర్చుంటుంది. ఒక నియోజకవర్గంలో అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలిచే పద్ధతిలో ఇలాంటి ఫలితాలు ఎంత తరచుగా వస్తాయి, ఓట్ల నిష్పత్తిలో స్థానాలిచ్చే దామాషా పద్ధతి ఉన్న దేశాల్లో ఎందుకు రావు, ఓట్ల వాటాకూ స్థానాల వాటాకూ ఉన్న అంతరాన్ని గాలగర్ సూచిక వంటి కొలతతో ఎలా పోల్చాలి అని ఆ మాడ్యూల్ అడుగుతుంది. అక్కడి నుంచి ఇంకా ఆసక్తికరమైన ప్రశ్నకు దారితీస్తుంది: ఒక ఎన్నికల పద్ధతి వల్ల గెలిచినవారు ఆ పద్ధతిని ఎందుకు మారుస్తారు? న్యూజిలాండ్‌లో 1978లో, 1981లో ఓట్లలో వెనకబడిన పార్టీయే స్థానాల్లో ముందు నిలిచింది. 1993 రెఫరెండంలో ప్రజలు నియోజకవర్గాలనూ పార్టీ జాబితాలనూ కలిపే మిశ్రమ దామాషా పద్ధతిని ఆమోదించారు. 1996లో దాని కింద మొదటి ఎన్నిక జరిగింది. బ్రిటన్‌లో మాత్రం 2011 రెఫరెండంలో, దామాషా కాకపోయినా, ప్రత్యామ్నాయ ఓటు (ఓటరు అభ్యర్థులను ఇష్టాల వరుసలో గుర్తించే పద్ధతి) అనే చిన్న మార్పును సైతం దాదాపు 68 శాతం మంది తిరస్కరించారు. రెండు దేశాల్లోనూ పాత పద్ధతి ఒకటే, ఫలితాలు వేరు. ఆ తేడాకు కారణం వెతికే క్రమశిక్షణే ఈ మాడ్యూల్ ఇచ్చే పనిముట్టు. ఏ రెండు దేశాలను పక్కపక్కన పెట్టవచ్చు, ఏవి పెట్టకూడదు అన్న వివేకం డిసర్టేషన్‌లో ఎంతగా అక్కరకొస్తుందో, పొంతన లేని దేశాలను పోల్చి చిక్కుల్లో పడ్డవారికి బాగా తెలుసు.

రాజకీయ సిద్ధాంతం ఈ అంకెల దగ్గర ఆగదు. అందరికీ ఒకే ఓటు ఉండటమూ, అందరి ఓటుకూ ఒకే విలువ ఉండటమూ ఒకటేనా? ప్రభుత్వానికి ఓటు వేయని మూడింట రెండు వంతుల మంది ఓటర్లు దాని చట్టాలకు ఎందుకు లోబడాలి? 1861లో ఆంగ్ల తత్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్ దామాషా ప్రాతినిధ్యాన్ని గట్టిగా సమర్థించాడు. అదే చేత్తో, చదువుకున్నవారికి ఒకటికి మించిన ఓట్లు ఉండాలని కూడా వాదించాడు. ఈ రెండు వాదాలూ ఒకే మూలం నుంచి పుట్టాయా, లేక ఒకదానితో ఒకటి పొసగవా అన్నది సెమినార్‌లో గంటసేపు చర్చించదగిన విషయం. ఇక్కడ సాక్ష్యం అంటే వాదం. ఆధారవాక్యం బలహీనమైతే ఎన్ని ఉదాహరణలు పోగుచేసినా ఉపయోగం లేదు. సిద్ధాంతం పేరుతో రెండు వేర్వేరు మాడ్యూళ్లు ఉండవచ్చునని గమనించాలి. హాబ్స్, లాక్, రూసో, మార్క్స్‌ల రచనలను వారి కాలంలో నిలిపి చదివేది రాజకీయ చింతన చరిత్ర. న్యాయం, స్వేచ్ఛ, సమానత్వం అనే భావనలను ఇప్పటి వాదాలతో పరీక్షించేది సమకాలీన సిద్ధాంతం. మొదటిది ఓపికగా పాఠ్యాన్ని చదివేవారికి నప్పుతుంది, రెండోది చర్చలో తడబడకుండా నిలబడేవారికి. ఈ రెంటినీ ఒకటే అనుకుని చేరి నాలుగో వారానికి బిక్కమొహం వేసినవారు తక్కువేం కాదు.

అంతర్జాతీయ సంబంధాల మాడ్యూల్‌కు ఈ ఎన్నిక దాదాపు కనిపించదు, కనిపించకపోవడంలోనే ఆ రంగపు స్వభావం తెలుస్తుంది. ప్రభుత్వం మారినా ఉక్రెయిన్‌కు బ్రిటన్ మద్దతు కొనసాగింది. రాజ్యం ప్రవర్తనను లోపలి రాజకీయాలు నిర్ణయిస్తాయా, బయటి వ్యవస్థ నిర్ణయిస్తుందా అన్న వాదం ఇలాంటి చోటే మొదలవుతుంది. రాజ్యాల అధికారబలాన్ని చూసే వాస్తవికవాదం, సహకారాన్ని, సంస్థలను చూసే ఉదారవాదం, భావాలను, గుర్తింపులను చూసే నిర్మాణవాదం అని విడిపోయిన సంప్రదాయాలను నేర్పే ఈ రంగానికి సొంత చరిత్ర ఉంది: మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, 1919లో, వేల్స్‌లోని అబెరిస్ట్‌విత్‌లో అంతర్జాతీయ రాజకీయాలకు ప్రపంచంలోనే మొదటి ఆచార్య పీఠం ఏర్పడింది. యుద్ధాలు, దౌత్యం గురించిన వార్తల మీద ఆసక్తితో చేరేవారిని మొదటి కొన్ని వారాల సిద్ధాంత చర్చలు నిరాశపరుస్తాయి. భద్రతా అధ్యయనాల వంటి మాడ్యూళ్లు తర్వాత అర్థం కావడానికి ఆ వారాలే ఆధారం.

ఇక అందరూ ముఖం ముడిచే పరిశోధనా పద్ధతుల మాడ్యూల్. 2024లో కన్సర్వేటివ్ ఓటు బాగా తగ్గిన నియోజకవర్గాల్లో రిఫార్మ్ ఓటు బాగా పెరిగిందని పట్టికలో కనిపించిందనుకుందాం. దాన్నిబట్టి కన్సర్వేటివ్ ఓటర్లే రిఫార్మ్‌కు మారారని చెప్పవచ్చా? చెప్పకూడదు. నియోజకవర్గం స్థాయి అంకె వ్యక్తి ఏం చేశాడో చెప్పదు. ఒకరు ఇంట్లో కూర్చుని, మరొకరు కొత్తగా వచ్చి ఓటు వేసినా పట్టికలో అదే కనబడుతుంది. వ్యక్తులను అడిగిన సర్వే కావాలి. 1964 నుంచి ప్రతి సార్వత్రిక ఎన్నికనూ అనుసరిస్తున్న బ్రిటిష్ ఎలక్షన్ స్టడీ వంటి సమాచార నిధి ఉన్నది అందుకే. ఈ ఒక్క తేడా తెలిసినవారికీ తెలియనివారికీ డిసర్టేషన్‌లో ఉండే అంతరం పెద్దది. రాజనీతి విద్యార్థులకు గణాంకాలు రావన్న ఫిర్యాదు బ్రిటన్‌లో పాతదే. దాన్ని సరిచేయడానికి 2013లో నఫ్ఫీల్డ్ ఫౌండేషన్ ప్రభుత్వ నిధుల సంస్థలతో కలిసి 1.95 కోట్ల పౌండ్లతో క్యూ–స్టెప్ అనే కార్యక్రమాన్ని 15 విశ్వవిద్యాలయాల్లో ప్రారంభించింది. రెండో ఏడాదిలో గణాంకాల మాడ్యూళ్లు ఇప్పుడింత విరివిగా కనిపించడంలో దాని పాత్ర ఉంది.

పద్ధతుల మాడ్యూల్ తప్పనిసరి అయినచోట ఎంపిక సమస్యే లేదు. కానీ తప్పనిసరి మాడ్యూల్ తర్వాత రిగ్రెషన్ (ఒక అంశం మారితే మరొకటి ఎంత మారుతుందో అంచనా వేసే గణాంక పద్ధతి) నేర్పే మరొకటి ఐచ్ఛికంగా ఉంటే, అంకెలంటే మరీ బెదురు లేని ప్రతివారూ దాన్ని తీసుకోవాలని నేను గట్టిగా అంటాను. దానికి ఉద్యోగాలొక కారణమైతే, మార్కుల తీరు మరో కారణం. బ్రిటన్‌లో వ్యాసాలకు వేసే మార్కులు 50లలో, 60లలో గుమిగూడుతాయి, 80 దాటడం అరుదు. సమాధానం ఒప్పో తప్పో తేలిపోయే గణాంకాల పరీక్షలో మార్కుల పరిధి విశాలం, అటూ ఇటూ కూడా. పట్టుదలగా అభ్యాసం చేసేవారికి అది కలిసొస్తుంది, చివరివారం దాకా వాయిదా వేసేవారిని నిర్దాక్షిణ్యంగా దించేస్తుంది.

ఈ వెలుగులో మాడ్యూల్ కరపత్రాన్ని మళ్లీ చదివితే చూడవలసినది పరిచయ వాక్యాలు కాదు, కింద చిన్న అక్షరాల్లో ఉండే మూడు విషయాలు. మూల్యాంకనం ఎలా అన్నది ఒకటి. 2,500 మాటల వ్యాసం ఒకటి, పరీక్ష ఒకటి ఉన్న మాడ్యూల్‌కూ, నాలుగు చిన్న విధాన పత్రాలు, ఒక ప్రదర్శన ఉన్న మాడ్యూల్‌కూ విషయం ఒకటే అయినా అనుభవం వేరు. అన్నీ వ్యాసాల మాడ్యూళ్లే తీసుకుంటే డిసెంబర్‌లో ఒకే వారంలో మూడు గడువులు మీద పడతాయి. ముందస్తు అర్హతలు మరొకటి: మూడో ఏడాదిలో సమకాలీన సిద్ధాంతపు ప్రత్యేక మాడ్యూల్ చదవాలంటే రెండో ఏడాదిలో సిద్ధాంతం చేసి ఉండాలని ఒక్క వాక్యంలో రాసి వదిలేస్తారు, అది చూడక ఏడాది తర్వాత చింతించేవారుంటారు. మూడోది చదవవలసిన గ్రంథాల జాబితా. అది చూసేవారే తక్కువ. నిజానికి అందులో మూడో వారానికో నాలుగో వారానికో ఇచ్చిన వ్యాసాన్ని ఒకదాన్ని గ్రంథాలయంలో తెరిచి ఓ అరగంట చదివితే, పై ఏడాదివారి ఇరవై సలహాలకన్నా ఎక్కువ తెలుస్తుంది. మొదటి వారం వ్యాసం ఎందుకు కాదంటే, మొదటి వారం అన్నీ బాగానే ఉంటాయి.

పై ఏడాదివారి మాట పూర్తిగా తీసిపారేయదగినదని కాదు. వారు చెప్పే ‘సులువు’, ‘కష్టం’ అన్న తీర్పులు వారి అభిరుచిని చెబుతాయి తప్ప మాడ్యూల్‌ను చెప్పవు. సెమినార్‌లో అందరూ చదివి వస్తారా, వ్యాసం మీద రాసిచ్చే వ్యాఖ్యలు ఉపయోగపడ్డాయా అని అడిగితే మాత్రం పనికొచ్చే జవాబులు వస్తాయి. ఒక అధ్యాపకుడి కోసమే మాడ్యూల్ ఎంచుకునేవారు, ఆయన వచ్చే ఏడాది పరిశోధన సెలవులో ఉండబోవడం లేదని ముందుగా నిర్ధారించుకోవడం మేలు. ఐచ్ఛిక మాడ్యూళ్లు అధ్యాపకుల పరిశోధన చుట్టూ అల్లుకున్నవి. మనిషి లేకపోతే మాడ్యూల్ ఆ ఏడాది నడవకపోవచ్చు, లేదా వేరొకరి చేతిలో పేరు మాత్రం మిగిలి లోపలి సరుకంతా మారిపోవచ్చు. కొన్ని విశ్వవిద్యాలయాల్లో బ్రిటన్ పార్లమెంటు సిబ్బంది కూడా కలిసి బోధించే పార్లమెంటరీ అధ్యయనాల మాడ్యూల్ ఉంది. చట్టసభల పనితీరు మీద ఆసక్తి ఉండి, తమ విశ్వవిద్యాలయంలో అది దొరికేవారు రెండో ఆలోచన చేయనక్కరలేదు.

అన్నిటినీ ఒకే రంగం నుంచి తీసుకోవాలా, లేక తలా కొంత రుచి చూడాలా అన్న సందేహం చివరిదాకా వేధిస్తుంది. డిసర్టేషన్ దృష్టితో చూస్తే దీనికి ఒక మధ్యేమార్గం ఉంది. రాయబోయే రంగం ఇదని ఇప్పటికే తెలిస్తే, ఆ రంగంలో రెండు మాడ్యూళ్లు, దాన్ని బయటి నుంచి ప్రశ్నించే రంగంలో ఒకటి తీసుకోవడం మంచిది. ఎన్నికల మీద రాయదలచుకున్నవారికి తులనాత్మక రాజకీయాలు, గణాంకాలు, వాటితోపాటు సిద్ధాంతం. వలసల మీద రాయదలచుకున్నవారికి ప్రజా విధానం, ఒక ప్రాంతీయ అధ్యయనం, వాటితోపాటు రాజకీయ ఆర్థికశాస్త్రం. ఇంకా ఏమీ తెలియనివారు, పందొమ్మిదేళ్ల వయసులో తెలియకపోవడం సహజమే కాబట్టి, మూడు వేర్వేరు రకాల సాక్ష్యంతో పనిచేసే మాడ్యూళ్లు ఎంచుకుంటే, వేసవి నాటికి తమకు ఏది నప్పదో అయినా తేలుతుంది.

కొన్ని విభాగాల్లో ఎవరు ముందు నమోదు చేసుకుంటే సీటు వారిదే. అక్కడ నమోదు తెరిచిన ఉదయమే కూర్చోవాలి. కొన్నిచోట్ల ఇష్టాలను వరుసక్రమంలో ఇమ్మని అడిగి తర్వాత కేటాయిస్తారు. అక్కడ తొందరతో పనిలేదు కానీ, నాలుగో ఇష్టం, ఐదో ఇష్టం కూడా నిజంగా చదవగలిగినవే అయి ఉండాలి, ఎందుకంటే దక్కేది అదే కావచ్చు. తరగతులు మొదలయ్యాక మొదటి రెండు వారాల్లో మార్చుకునే వీలు సాధారణంగా ఉంటుంది. ఆ రెండు వారాల్లో నమోదు చేసుకున్నవాటితోపాటు అదనంగా ఒక మాడ్యూల్ లెక్చర్‌కు కూడా వెళ్లి వెనక వరుసలో కూర్చోవడాన్ని ఎవరూ కాదనరు. వ్యాస ప్రశ్నల జాబితా అప్పటికి చేతికొస్తే, పది ప్రశ్నల్లో రెండింటికైనా జవాబు రాయాలన్న కోరిక పుట్టిందో లేదో అప్పుడే చూసుకోవచ్చు. గడువు దాటాక మార్పు కోరేవారు విభాగం అనుమతి కోసం కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి, కొత్త మాడ్యూల్‌లో అప్పటికి జరిగిపోయిన రెండు మూడు సెమినార్ల పాఠాలు సొంతంగా పూడ్చుకోవాలి.